బెంగళూరులో పాత ఫార్చ్యూనర్ కొంటున్నారా? చూడాల్సినవన్నీ వరసగా

పాత ఫార్చ్యూనర్ కొందామనుకుంటున్న వాళ్ళు ఎవరు ఫోన్ చేసినా మొదట చెప్పేది కిలోమీటర్లే. "అన్నా, లక్షా పదివేలే తిరిగింది, సింగిల్ ఓనర్" అంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే, ఆయిల్ ఎన్నిసార్లు మార్చారు, బిల్లులు ఉన్నాయా అని. ఈ బండి విషయంలో మీటర్ లో నంబర్ కన్నా ఆయిల్ చరిత్రే ముఖ్యం, ఎందుకో కింద వివరంగా చెప్తా. నా దగ్గర 2012 మోడల్ ఉంది, వారం అంతా మారతహళ్ళి ట్రాఫిక్ లో, పండక్కి మదనపల్లికి, ఇదీ దాని జీవితం. అది కొనకముందు, తర్వాత స్నేహితుల కోసం కలిపి చాలా బండ్ల కింద పడుకుని చూశాను కాబట్టి ఒక వరసలో రాస్తున్నా, ఇదే వరసలో మీరూ చెయ్యండి.

మొదటి పని: ఏ సంవత్సరం బండో తేల్చుకోండి

మన దేశంలో ఫార్చ్యూనర్ 2009 ఆగస్టులో వచ్చింది, తయారయ్యేది మన బెంగళూరు పక్కనే బిడదిలో. మొదట్లో 3 లీటర్ల డీజిల్, మాన్యువల్, ఫోర్ బై ఫోర్ (ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకీ వెళ్ళేది) ఒక్కటే. 2012లో ముఖం మార్చి ఫోర్ బై టూ (వెనక రెండు చక్రాలకే శక్తి వెళ్ళేది) లో మాన్యువల్, ఆటోమేటిక్ రెండూ ఇచ్చారు, తర్వాత 2.5 లీటర్ కూడా వచ్చింది. 2016 నవంబర్ లో పూర్తిగా కొత్త బాడీ, 2.8 లీటర్ ఇంజిన్ తో మారిపోయింది. నేను చెప్పేదంతా ఆ 2016 కి ముందు బండి, అందులోనూ 3 లీటర్ల వన్ కేడీ (1KD) అనే ఇంజిన్ గురించి. 171 హార్స్ పవర్, 343 న్యూటన్ మీటర్ల టార్క్, సరిగ్గా చూసుకుంటే మూడు లక్షల కిలోమీటర్లు దాటినా గట్టిగా నడిచే ఇంజిన్.

ఫోర్ బై టూ చాలా, ఫోర్ బై ఫోర్ కావాలా అంటే, సిటీలో తిరిగి ఊరికి వెళ్ళొచ్చేవాళ్ళకి ఫోర్ బై టూ చాలు, విప్పి చూసుకోవాల్సిన భాగాలు కూడా తగ్గుతాయి. చిక్కమగళూరు, సకలేశపుర వైపు ఎస్టేట్ రోడ్లలో తిరిగేవాళ్ళయితే ఫోర్ బై ఫోర్ తీసుకోండి.

ఇదే డబ్బుకి ఎండెవర్, పజేరో స్పోర్ట్ కూడా దొరుకుతాయి, నడపడానికి కొన్ని విషయాల్లో ఫార్చ్యూనర్ కన్నా బాగుంటాయి కూడా. కానీ ఫోర్డ్ 2021 సెప్టెంబర్ లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పాత బండికి స్పేర్లు ఎంత తొందరగా దొరుకుతాయనేది నాకు చాలా పెద్ద విషయం, అందుకే నా ఓటు ఫార్చ్యూనర్ కే.

రెండో పని: బండి దగ్గరికి వెళ్ళకముందే పేపర్లు

ఎంపరివాహన్ యాప్ లో నంబర్ కొట్టండి. ఎన్నో ఓనర్, లోన్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు, రిజిస్ట్రేషన్ ఎప్పటితో అయిపోతుంది, ఇవన్నీ కనపడతాయి. లోన్ తీరిపోయింది అంటారు గానీ ఆర్సీలో బ్యాంక్ పేరు అలాగే ఉంటుంది, అప్పుడు ఆ పేరు తీయించే ఫారం 35, బ్యాంక్ ఎన్వోసీ చేతికి వచ్చాకే మిగతా మాట.

15 ఏళ్ళ లెక్క చాలామంది మర్చిపోతారు. సొంత వాడకం బండికి ఆర్సీ 15 ఏళ్ళే చెల్లుతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఫారం 25 పెట్టి ఐదేసి ఏళ్ళకి పొడిగించుకోవాలి. 2012 మోడల్ అయితే 2027లోనే ఆ గడువు వచ్చేస్తుంది. రెన్యువల్ ఫీజు, గ్రీన్ ట్యాక్స్, ఆర్టీఓ ఆఫీస్ చుట్టూ తిరగడం అంతా మీ నెత్తి మీదే పడుతుంది కాబట్టి అది రేటులో తగ్గాలి.

ఢిల్లీ బండ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అక్కడ పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షలు ఉండడంతో అవి తక్కువ రేటుకి దక్షిణాదికి వస్తాయి. ఫోటోలో చూస్తే మెరిసిపోతుంటుంది, రేటు చూస్తే ఇక్కడి బండి కన్నా బాగా తక్కువ. కానీ అక్కడి ఆర్టీఓ ఎన్వోసీ అంటే ఫారం 28 రావాలి, ఇక్కడ కర్ణాటక లైఫ్ టాక్స్ కట్టాలి, కేఏ నంబర్ వేయించాలి, ఇవన్నీ కలిపి లెక్కేస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. ఆంధ్ర, తెలంగాణ నంబర్ బండ్లకీ అంతే, "మన ఏపీ బండే కదా, అలాగే తిప్పుకుందాం" అనుకోవద్దు, వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబర్ వేయించుకోవాలని మోటార్ వెహికల్స్ చట్టంలోనే ఉంది. మీరు ఉండేది బెంగళూరులోనే అయితే కొంచెం ఎక్కువ పెట్టైనా కేఏ బండే తీసుకోండి అంటాను.

మూడో పని: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి

ఇందులో మాత్రం అస్సలు తగ్గొద్దు. "పొద్దున ఏడింటికి వస్తా, నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని ముందే చెప్పండి, వెళ్ళగానే మొదట బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. ఒకసారి కేఆర్ పురం వైపు ఒక బ్రోకర్ దగ్గరికి వెళ్తే బానెట్ వెచ్చగా ఉంది, "పార్కింగ్ లోంచి ఇప్పుడే తీశాం సార్" అన్నాడు, పార్కింగ్ నుంచి ఇరవై అడుగులు కూడా లేదు. ఏం మాట్లాడకుండా మర్నాడు పొద్దున వస్తానని చెప్పి, చెప్పిన టైముకి గంట ముందే వెళ్ళా. అదే బండి చల్లగా స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు గట్టిగా టకటకా కొట్టుకుంది, వెనక నుంచి తెల్లటి పొగ. వేడెక్కాక చూసుంటే ఏమీ తెలిసేది కాదు, కొనేసేవాడిని.

చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ఇవి గమనించండి. తాళం తిప్పాక ఒకటి రెండు సెకన్లలో పట్టుకోవాలి. ఆయిల్ లైట్ వెంటనే ఆరిపోవాలి, సాగదీస్తుంటే అనుమానించండి. డీజిల్ కాబట్టి కాస్త మోత మామూలే, కానీ ఒకే సిలిండర్ లోంచి సుత్తితో కొట్టినట్టు విడిగా వినపడితే అది ఇంజెక్టర్ (సిలిండర్ లోకి డీజిల్ చిమ్మే భాగం) గొడవ, ఇంకా లోతుగా పోయి ఉంటే పిస్టన్ గొడవ కూడా కావచ్చు. స్టార్టింగ్ లో కొంచెం పొగ వచ్చి పోతే పర్లేదు, నిమిషం దాటినా తెల్ల పొగ ఆగకపోతే వద్దు.

తర్వాత ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తిప్పి, తీసేయకుండా దాని మీదే తలకిందులుగా పెట్టండి. కొంచెం వణికితే సరే. ఎగిరి పడుతుంటే, ఆవిరి బుసబుసా వస్తుంటే కంప్రెషన్ గ్యాస్ లోపలికి లీకవుతోందని అర్థం. డిప్ స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉందని మాత్రం భయపడకండి, డీజిల్ ఇంజిన్ లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. వేళ్ళ మధ్య రుద్దితే ఇసకలా తగిలినా, తారులా ముద్దగా ఉన్నా అది చెడ్డ గుర్తు.

నాలుగో పని: ఇంజెక్టర్ వాషర్లు, ఆయిల్ జల్లెడ

ఈ ఇంజిన్ ప్రాణం మొత్తం ఇక్కడే ఉంది, కాబట్టి నిదానంగా చదవండి.

నాలుగు ఇంజెక్టర్ల కింద నాలుగు చిన్న రాగి వాషర్లు ఉంటాయి, ఇంజెక్టర్ కూర్చునే చోట సిలిండర్ లోని మంట, ఒత్తిడి పైకి రాకుండా ఆపేది అవే. ఏళ్ళు గడిచేకొద్దీ అవి సరిగ్గా పట్టుకోవు, సన్నగా లీక్ మొదలవుతుంది. వేరే ఇంజిన్లలో అయితే లీకైన మసి బయటికి వచ్చి ఇంజెక్టర్ చుట్టూ నల్లగా గడ్డకట్టి కనపడుతుంది. ఇందులో ఇంజెక్టర్ల కింది భాగం రాకర్ కవర్ (ఇంజిన్ పైమూత) లోపలే ఉంటుంది, కాబట్టి ఆ మసి నేరుగా ఇంజిన్ ఆయిల్ లో కలిసిపోతుంది, బయట నుంచి చూస్తే ఇంజిన్ శుభ్రంగానే ఉంటుంది. ఆ మసి ఆయిల్ తో కలిసి బంకలా మారి కింద సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోకి దిగుతుంది, అక్కడ ఆయిల్ పంప్ పీల్చుకునే పైపు చివర ఉన్న జల్లెడకి పట్టుకుంటుంది. జల్లెడ మూసుకుపోతే సంప్ నిండా ఆయిల్ ఉన్నా పైకి ఎక్కదు, టర్బో ఎండిపోతుంది, బేరింగ్ లు పట్టేస్తాయి. మీటర్ లో ఎర్ర ఆయిల్ లైట్ వెలిగేసరికి చాలావరకు జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. మొత్తం ఇంజిన్ పోవడం అంటే ఇదే, అది కూడా నాలుగు చిన్న వాషర్ల వల్ల, అందుకే నేను దీన్ని ఇంత పట్టుకుని చెప్తున్నా.

మొదలు పెట్టేముందు అడగండి, ఇంజెక్టర్ వాషర్లు ఎప్పుడైనా మార్చారా, బిల్లు ఉందా అని. లక్షన్నర దాటిన బండికి ఆ బిల్లు ఉంటే ఆ ఓనర్ కి బండి గురించి తెలుసని అర్థం, అలాంటి వాళ్ళ దగ్గర పది, ఇరవై వేలు ఎక్కువైనా కొనండి.

తర్వాత స్కానర్ పెట్టించండి. ఈ ఇంజిన్ తెలిసిన ఏ మెకానిక్ అయినా టొయోటా స్కానర్ లో ఒక్కో ఇంజెక్టర్ ఫీడ్‌బ్యాక్ నంబర్, అంటే దానికి డీజిల్ ఎంత ఎక్కువ తక్కువ సర్దాల్సి వస్తోందో, చూపిస్తాడు. ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్ లో ఆ నంబర్లు సున్నాకి దగ్గరగా ఉండాలి, ప్లస్ మైనస్ 3 దాటితే ఆ ఇంజెక్టర్ అయిపోవచ్చిందని లెక్క. నాలుగింట్లో మూడు బాగుండి ఒకటి తేడాగా ఉన్నా దాన్ని వదిలేయొద్దు, కొత్త ఇంజెక్టర్ వేస్తే దాని కోడ్ ని ఈసీయూ (ఇంజిన్ ని నడిపే కంప్యూటర్) లో ఎక్కించాలి కూడా, అది చెయ్యని గ్యారేజ్ లో ఆ పని చేయించకండి.

ఆఖరిది, అన్నిటికన్నా నమ్మకమైనది, జల్లెడ కళ్ళతో చూడడం. కింద చిన్న సంప్ ప్లేట్ విడిగా ఊడి వస్తుంది, దాన్ని దించితే జల్లెడ కనపడుతుంది. అంత పని వద్దంటే ఆయిల్ డ్రెయిన్ చేసిన రంధ్రంలోంచి సన్నటి ఎండోస్కోప్ కెమెరా పెట్టి చూడొచ్చు. అమ్మేవాళ్ళు దీనికి సామాన్యంగా ఒప్పుకోరు, "బండి విప్పనివ్వం సార్" అంటారు. నేను వాడే పద్ధతి చెప్తా: కొంచెం టోకెన్ ఇచ్చి, "ఆయిల్, ఫిల్టర్, లేబర్ ఖర్చంతా నాది, బండి తీసుకోకపోయినా మీకు ఫ్రీ గా ఆయిల్ సర్వీస్ అయినట్టే" అని అనండి. దాదాపు 7 లీటర్ల ఆయిల్ పడుతుంది కాబట్టి ఖర్చు ఉంది, కానీ ఇంజిన్ ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. దానికీ ఒప్పుకోకపోతే నేనైతే నమస్తే చెప్పి వచ్చేస్తా, ఇంతవరకు అలా వచ్చేసినందుకు ఎప్పుడూ బాధపడలేదు.

ఐదో పని: టైమింగ్ బెల్ట్

వాల్వ్ లు, పిస్టన్ లు ఒకదానికొకటి తగలకుండా లయలో నడిపేందుకు ఈ ఇంజిన్ లో ఉన్నది చెయిన్ కాదు, బెల్ట్. తెగితే వాల్వ్ లు పిస్టన్ లకి తగులుతాయి, హెడ్ విప్పాల్సిందే. మాన్యువల్ లో చెప్పిన కిలోమీటర్లకి మార్చాలి, మామూలుగా లక్ష నుంచి లక్షన్నర మధ్య మార్చేస్తారు. మీటర్ లో దానికోసం టీ బెల్ట్ అని లైట్ ఉంటుంది, కానీ ఆ లైట్ ని బెల్ట్ మార్చకుండానే రీసెట్ చేసేయొచ్చు, కాబట్టి లైట్ లేదు కదా అని నమ్మకండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క, బెల్ట్ ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్, ఐడ్లర్ బేరింగ్ తో కలిపి ఆ ఖర్చు రేటులోంచి తగ్గించమనండి.

ఆరో పని: తొందరగా చూసేయాల్సిన మిగతా ఇంజిన్ విషయాలు

ఐడిలింగ్ లో ఆర్పీఎం ముల్లు పైకీ కిందకీ ఊగుతుంటే, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ ఆగిపోతుంటే, ఎక్కువగా డీజిల్ పంప్ మీద ఉండే సక్షన్ కంట్రోల్ వాల్వ్ పని. ఇది పెద్ద జబ్బు కాదు, ముందు డీజిల్ ఫిల్టర్ మార్చి చూసి తర్వాత వాల్వ్ జోలికి వెళ్ళాలి. లాగడం మందంగా ఉండి నల్ల పొగ వస్తుంటే ఈజీఆర్ (పొగలో కొంత మళ్ళీ ఇంజిన్ లోకి పంపే వాల్వ్) లో, గాలి లోపలికి వెళ్ళే ఇన్‌టేక్ మానిఫోల్డ్ లో మసి పేరుకుంది, సిల్క్ బోర్డ్ లాంటి చోట రోజూ గంటలు గంటలు నిలబడే బండ్లకి ఇది తప్పదు, విప్పి క్లీన్ చేయిస్తే బండి మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. టర్బో దగ్గర ఈలలా సైరన్ శబ్దం వస్తున్నా, ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి పవర్ పోయి చెక్ ఇంజిన్ లైట్ వచ్చినా టర్బో యాక్చుయేటర్ చూపించాలి, దాని రేటు ముందే కనుక్కోండి.

ఏడో పని: నడిపి చూడడం

గల్లీలో ఒక రౌండ్ వేసి బాగుంది అనుకోవద్దు. నైస్ రోడ్ మీద బన్నేరుఘట్ట రోడ్ దగ్గర ఎక్కి మైసూరు రోడ్ దాకా వెళ్ళిరండి, టోల్ డబ్బులు పోతే పోనీ. నాలుగో గేర్ లో 40 మీద ఉన్నప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి, ఆర్పీఎం పెరిగి స్పీడ్ పెరగకపోతే క్లచ్ అయిపోయింది. ఆటోమేటిక్ అయితే గేర్ మారేటప్పుడు కుదుపు ఉండకూడదు, డీ లోంచి ఆర్ కి వేసినప్పుడు దబ్ మని కొట్టకూడదు.

బ్రేకుల గురించి నిజం చెప్పాలి, ఈ బండి కి అవే బలహీనత. దగ్గర దగ్గర రెండు టన్నుల బరువు, వెనక డ్రమ్ములు, పెడల్ మెత్తగా ఉంటుంది, కొత్తలో కూడా అంతే. 80 నుంచి గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు స్టీరింగ్ వణికితే ముందు డిస్కులు వంగాయి, ఒక పక్కకి లాగితే కాలిపర్ పట్టేసింది. కారు నడిపిన అలవాటుతో ఈ బండిని ముందు బండికి దగ్గరగా నడపొద్దు, ఇంట్లో ఇంకెవరైనా నడిపితే వాళ్ళకీ ఈ మాట చెప్పండి, ఇది నేను మనస్ఫూర్తిగా చెప్తున్న మాట.

స్పీడ్ బ్రేకర్ల మీద ముందు నుంచి దడదడ వస్తే లోయర్ ఆర్మ్ బుష్ లు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ ర్యాక్ బుష్ లు చూపించండి. మలుపుల్లో బాడీ పక్కకి ఒరగడం మాత్రం ఈ బండి స్వభావం, దాన్ని రిపేర్ అనుకుని డబ్బులు పెట్టకండి. ఫోర్ బై ఫోర్ అయితే సెంటర్ డిఫరెన్షియల్ లాక్ (ముందు, వెనక చక్రాలని ఒకే వేగంతో తిప్పేది) వేసి, తీసి చూడండి, కానీ తారు రోడ్డు మీద లాక్ లో పెట్టి మలుపు తిప్పొద్దు, మట్టి నేల మీదే చూడాలి.

వెనక సీటు ఏసీ కూడా ఆన్ చేసి పది నిమిషాలు ఉంచండి, ముందు చల్లగా వచ్చి వెనక రాని బండ్లు ఎక్కువ.

ఎనిమిదో పని: కింద, లోపల, కార్పెట్ కింద

ఫ్రేమ్ మీద తీర ప్రాంతం తుప్పు ఉందేమో చూడండి, వైజాగ్, కాకినాడ, చెన్నై, మంగళూరు బండ్లకి ఫ్రేమ్ వెల్డింగ్ ల దగ్గర, వెనక సస్పెన్షన్ లింకుల దగ్గర వస్తుంది. కొత్తగా నల్ల అండర్ కోటింగ్ కొట్టించి ఉంటే స్క్రూ డ్రైవర్ తో మెల్లగా కొట్టి శబ్దం వినండి. ఫ్రేమ్ మీద కొట్టిన చాసిస్ నంబర్, ఆర్సీ నంబర్ ఒకటేనా అని చూడండి.

బెంగళూరు బండి కదా నీళ్ళలో మునగదు అనుకోకండి, 2022 సెప్టెంబర్ లో బెళ్ళందూరు, మహదేవపుర వైపు అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లలో నిలబెట్టిన బండ్లు మునిగిపోయాయి. సీట్ బెల్ట్ ని చివరిదాకా లాగండి, కింది భాగంలో మట్టి గీత ఉంటే అది మునిగిన బండి. స్పేర్ వీల్ చుట్టూ, ఫ్యూజ్ బాక్స్ లో, సీటు బోల్టుల మీద తుప్పు చూడండి, కార్పెట్ ఎత్తి వాసన చూడండి. పెర్ఫ్యూమ్ గుప్పుమంటే ఇంకా గట్టిగా వెతకండి.

తొమ్మిదో పని: డబ్బు లెక్క

బండి రేటు ఎంతో అందులో కనీసం 15 శాతం విడిగా పక్కన పెట్టుకోండి, అది లేకపోతే ఇంకో ఆరు నెలలు ఆగి కొనండి. ఉన్నదంతా ఊడ్చిపెట్టి కొన్నవాళ్ళే తర్వాత ఆయిల్ మార్చడం వాయిదా వేస్తారు, వాళ్ళ బండ్లే రెండేళ్ళకి ఇంజిన్ పోయి అమ్మకానికి వస్తాయి. టైర్ సైజ్ 265/65 ఆర్ 17, వీటి రేటు మామూలు కార్ టైర్ లా ఉండదు కాబట్టి టైర్ల మీద తయారీ వారం, సంవత్సరం చూసి ఆరేళ్ళు దాటితే కొత్తవి వేసే ఖర్చు రాసుకోండి. బేరం చేసేటప్పుడు "చాలా ఎక్కువ సార్" అంటే ఎవరూ తగ్గరు, బెల్ట్ ఇంత, వాషర్ల పని ఇంత, టైర్లు ఇంత అని కాగితం మీద రాసి చూపిస్తే తగ్గుతారు.

డబ్బు ఇచ్చేటప్పుడు ఓనర్ పేరు మార్పుకి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు, ఓనర్ ఐడీ కాపీ, డెలివరీ ఇచ్చిన తేదీ, టైము రాసిన నోట్ తీసుకోండి. పాత ట్రాఫిక్ ఫైన్లు ఎంత ఉన్నాయో ముందే చూసి వాళ్ళతోనే కట్టించండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరు మీదకి మార్చమని అప్లై చెయ్యాలి, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది వాళ్ళతోనే పోతుంది.

పదో పని: కొన్నాక మొదటి నెల

మొదటి వారంలోనే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేర్ బాక్స్, డిఫరెన్షియల్ ఆయిల్స్ అన్నీ మార్చేయండి, పాత ఓనర్ నిన్ననే మార్చానన్నా సరే. వాషర్లు మార్చిన బిల్లు లేకపోతే అది కూడా ఈ నెలలోనే, వాషర్లతో పాటు రిటర్న్ లైన్ సీల్స్, రాకర్ కవర్ సీల్స్ కూడా కొత్తవి వేయించండి, ఇంజెక్టర్ కూర్చునే చోటు మసి లేకుండా శుభ్రం చేశాడా లేదా దగ్గర నిలబడి చూడండి, అక్కడ మసి ఉండగా కొత్త వాషర్ వేస్తే కొద్ది నెలల్లోనే మళ్ళీ లీక్. స్పేర్లు జేసీ రోడ్ లో దొరుకుతాయి గానీ వాషర్లు, బెల్ట్, ఫిల్టర్ల విషయంలో మాత్రం ఒరిజినల్ తప్ప వేరేవి వద్దు, పార్ట్ నంబర్ రాసుకుని వెళ్ళి రెండు షాపుల్లో అడగండి.

తర్వాత నుంచి ఆయిల్ 5000 కిలోమీటర్లకి ఒకసారి, లేదా ఆరు నెలలకి, ఏది ముందొస్తే అది. 10,000 కి మారిస్తే చాలని పుస్తకంలో ఉంటుంది, కానీ అవుటర్ రింగ్ రోడ్ లో 12 కిలోమీటర్లకి గంటన్నర నడిచే ఇంజిన్ పడే కష్టం మీటర్ లోని కిలోమీటర్లకి తెలియదు. రెండో ఆయిల్ మార్పప్పుడు మళ్ళీ ఒకసారి డ్రెయిన్ రంధ్రంలోంచి కెమెరా పెట్టి జల్లెడ చూడండి, ఆ ఫోటో తేదీతో సహా ఫోన్ లో ఉంచుకోండి, తర్వాత ఏడాది ఫోటోతో పక్కపక్కన పెట్టి చూస్తే మసి పెరుగుతోందా లేదా మీకే తెలిసిపోతుంది.